ఖాళీ బెల్టు మీద మూడు వందల నలభై గ్రాములు

దెయ్యాల మాట వస్తే నవ్వేవాళ్లలో నేనూ ఒకణ్ణి. మా అమీర్‌పేట హాస్టల్లో ఒక గదిలో ఎవరో తిరుగుతారని అందరూ వదిలేస్తే, గాలి బాగా వస్తుందని నేను తీసుకున్నాను. రెండేళ్లుగా అందులో హాయిగా నిద్రపోతున్నాను. చదివింది ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరింగ్. కొలతకు అందనిది ఏదైనా ఉందంటే, కొలిచే పరికరం బాగాలేదనే అనుకుంటాను.

అందుకే ఇది జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో నాకు గొప్ప తెచ్చే విషయం ఒక్కటీ లేదు.

పంజాగుట్టలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను. విద్యుత్ ప్లాంట్లలో బొగ్గు కలిపే ఏర్పాట్లు చేసిపెడతాం. ఇక్కడి గనుల బొగ్గులో బూడిద ఎక్కువ, ఓడల్లో వచ్చేదాంట్లో తక్కువ. రెండూ రెండు బెల్టుల మీద వచ్చి మూడో బెల్టు మీద కలుస్తాయి. ఒక్కో బెల్టు కింద ఒక తూకం ఉంటుంది. అది చెప్పే బరువును బట్టి బెల్టుల వేగం మారుతూ, డెబ్బై పాళ్లు ఇది, ముప్ఫై పాళ్లు అది పడుతుంది. తూకం తప్పితే పాళ్లు తప్పుతాయి. పాళ్లు తప్పితే బాయిలర్‌లో మంట చెడుతుంది.

తూకం నిజం చెప్పాలంటే, ముందు ఖాళీ బెల్టును తిప్పి, ఇదే సున్నా అని యంత్రానికి చెప్పాలి. ఈ పనికి నాతో వచ్చేవాడు దానియేలన్న. బోరబండలో ఉంటాడు, యాభై దాటాయి, ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఆయనకో పద్ధతి ఉంది. బెల్టుకు అంటుకున్న బురదంతా గీకి, గుడ్డతో తుడుస్తాడు. అంచున సుద్దముక్కతో ఒక గీత గీసి, దాని పైన చిన్న సిలువ వేస్తాడు. ఆ గుర్తు మూడుసార్లు తిరిగొచ్చాకే సున్నా కొట్టనిస్తాడు.

పోయిన వానాకాలం ఒక ప్లాంటులో గని బొగ్గు బెల్టు దగ్గర పని ముగిస్తున్నాం. సాయంత్రం హైదరాబాద్ బస్సు అందుకోవాలని నా తొందర.

"జర ఆగుండ్రి సారూ, తడి బెల్టిది. బురద గీకనియ్యుండ్రి" అన్నాడు దానియేలన్న.

"బస్సు వెళ్లిపోతుందన్నా."

"బస్సు పోతే ఇంకో బస్సొస్తది. గిట్ల కొడితే బురద సుత సున్నాల కలుస్తది."

నేను సున్నా కొట్టేశాను. తిప్పింది ఒక్క చుట్టే. పని పూర్తయిందని రాసిచ్చే కాగితంలో మాత్రం మూడు చుట్లని రాశాను. 'బెల్టు శుభ్రం చేసినవారు' అన్నచోట ఆయన పేరు రాశాను.

తర్వాత ఆ బురద ఎండి రాలిపోయింది. అప్పటినుంచి తూకం అసలు బరువు కన్నా తక్కువ చూపించింది. తక్కువ పడుతోందనుకుని యంత్రం బూడిద బొగ్గును ఇంకా ఇంకా వదిలింది. వారం తిరక్కుండా బాయిలర్ ఆపాల్సి వచ్చింది. విచారణలో నా కాగితం బయటికి తీసి, బెల్టు తుడవకపోవడమే కారణమని తేల్చారు. ఆ గదిలో దానియేలన్న నా వైపు ఒక్కసారి చూశాడు. నేను కాగితం వైపు చూశాను. నెలాఖరుకి ఆయన్ని పనిలోంచి తీసేశారు.

ఏడు నెలలు గడిచాయి.

మా ఆఫీసులో వచ్చినవాళ్లకు చూపించడానికి రెండు మీటర్ల చిన్న బెల్టు ఒకటి ఉంది. దాని మీద ఎప్పుడూ బొగ్గు పోయలేదు, ఇనుప బిళ్లలే పెడతాం. ఒక సోమవారం మధ్యాహ్నం అది ఖాళీగా తిరుగుతూ 340 గ్రాములు చూపించింది. సున్నా కొట్టాను. ఒక చుట్టు సున్నా నిలిచింది. తర్వాత మళ్లీ 340.

సెన్సర్ మార్చాను. తీగలు మార్చాను. రోలర్లు సరిచూశాను. బయట మెట్రో వెళ్లేటప్పటి అదురేమోనని, రైలు ఉన్నప్పటి అంకెలూ లేనప్పటి అంకెలూ రాసుకుని పోల్చాను. ఏసీ ఆపి చూశాను. మంగళవారం సాయంత్రం చుట్టలోంచి కొత్త బెల్టు కోసి వేశాను. 340.

"ఏంటయ్యా, ఖాళీ బెల్టు మీద దెయ్యం కూర్చుందా?" అన్నారు మా మేనేజర్ గారు. "గురువారం కస్టమర్లు వస్తున్నారు, దిగమని చెప్పు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బుధవారం పొద్దున ఆఫీసు తలుపు తీసింది నేనే. కొత్త బెల్టు అంచున సుద్దగీత ఉంది. దాని పైన చిన్న సిలువ. మా ఆఫీసులో సుద్దముక్కే లేదు. తాళంచెవులు రెండే, నా దగ్గరొకటి, మేనేజర్ గారి దగ్గరొకటి. తలుపు మీది కెమెరాలో ఎవరూ కనిపించలేదు.

దానియేలన్న చనిపోయాడేమో అనుకున్నాను. ఆ వెంటనే, అయితే ఇక ఎవరికీ చెప్పక్కర్లేదు కదా అని ఒక్క క్షణం మనసు తేలికపడింది. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ జరిగినవాటిలో ఇదీ ఒకటి.

ఆయన చనిపోలేదు. ఆ పూటే వెళ్లి చూస్తే, బోరబండలో ఇంటి ముందు కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాడు. ఆయన భార్య నన్ను గుర్తుపట్టింది.

"ఇరవై ఏండ్లు బెల్టు తుడిసిన మనిషిని తుడ్వలేదని రాసిర్రు. ఏం తప్పు జేసిండని చర్చిల సుత అడుగుతుండ్రు. ఇంకేం రాయనీకొచ్చిర్రు సారూ?"

చెప్పేద్దామనే వెళ్లాను. నోరు తెరిచి, "అన్నా, ఆఫీసులో బెల్టు సున్నాకి రావడం లేదు. ఒకసారి వచ్చి చూస్తారా?" అన్నాను.

"తీసేసినోన్నే పిలుస్తుండ్రా? మస్తుంది" అని దానియేలన్న నవ్వాడు. అయినా చొక్కా మార్చుకుని వచ్చాడు. ఈమధ్య ఆఫీసుకు వచ్చారా అని ఆటోలో అడిగాను. "నన్నెవలు రానిస్తరు సారూ" అన్నాడు.

బెల్టు మీది గుర్తును చాలాసేపు చూశాడు. "గీత నాదే. కని నేనెయ్యలే" అన్నాడు.

జేబులోంచి తెల్ల రుమాలు తీశాడు. పొడిగా, కొత్తగా ఉన్న ఆ బెల్టును మెల్లగా తిప్పుతూ చివరిదాకా తుడిచాడు. రుమాలు నిండా నల్లటి బురద వచ్చింది. తడి బొగ్గు బురద. ఆయన వేళ్ల సందుల్లోంచి ఒక చుక్క నేల మీద పడింది. మేనేజర్ గారు నా పక్కనే ఉన్నారు, ఆయనా చూశారు.

దానియేలన్న గుర్తు మూడుసార్లు తిరిగొచ్చేదాకా ఆగి సున్నా కొట్టాడు. పది నిమిషాలు తిప్పినా సున్నా సున్నాగానే ఉంది.

"ఎక్కడిదయ్యా ఈ బురద?" అన్నారు మేనేజర్ గారు.

దానియేలన్న రుమాలు నా వైపు చాపాడు. విచారణ గదిలో చూసినట్టే చూశాడు.

"ఆరోజు అన్న తుడుస్తానన్నాడు సార్. నేనే ఆగలేదు" అన్నాను. ఒక్క చుట్టు సంగతీ, మూడని రాసిన సంగతీ, ఆయన పేరు రాసిన సంగతీ చెప్పాను.

కంపెనీ కాగితం దిద్ది ప్లాంటుకు పంపింది. నన్ను సైటు పనులనుంచి తప్పించారు. దానియేలన్నను తిరిగి రమ్మన్నారు. ఆయన ఒక్కటే అడిగాడు: దిద్దిన కాగితం చర్చిలో చదవాలి, అదీ నేనే చదవాలి. ఆదివారం ఆరాధన అయ్యాక నిలబడి చదివాను. ఆయన భార్య ముందు వరసలో తల వంచుకుని వింది.

ఆ రుమాలు ఎండిపోయి నా అలమరలో ఉంది. గీత ఎవరు గీశారో, బొగ్గు లేని చోట బురద ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఇంకొకటి కూడా చెప్పాలి. ఆరోజే, తడి ఆరకముందే, రుమాలును తూకం వేశాను. అలాంటిదే ఉతికిన రుమాలు బరువు తీసేస్తే, బురద పది గ్రాములు కూడా లేదు.

మిగతా మూడు వందల ముప్ఫై గ్రాములు దేని బరువో ఇప్పటికీ లెక్క తేలలేదు.