సిద్ధమ్మ తోమిన పద్నాలుగు రూపాయలు

తిరుపతిలో పాత నాణేలు కూడబెట్టేవాళ్ళు నలుగురు చేరితే ఎవడో ఒకడు ఈ కథ ఎత్తుకుంటాడు. ఒక ముసలామె తాతలనాటి వెండి రూపాయలను చింతపండు పెట్టి తళతళలాడేట్టు తోమి అంగడికి తెచ్చిందట, దాదాపు మూడు వేలు పలికే సరుకు ఐదు వందల చిల్లరకు పడిపోయిందట, పల్లెటూరి మనిషికి ఇంతకంటే ఏం తెలుస్తుందట. చెప్పేవాడు నవ్వుతాడు. వినేవాళ్ళు కాఫీ తాగుతూ నవ్వుతారు. ఆ ముసలామెకు ఒక పేరుంది. సిద్ధమ్మ. ఆ రోజు ఆ అంగట్లో ఆమె పక్కన నిలబడింది నేను. ఇప్పుడు నవ్వేవాళ్ళలో ఒక్కడూ అక్కడ లేడు.

ఈయనెవరు మాకు చెప్పడానికి అంటారేమో, అది కూడా చెప్పేస్తాను. నా పేరు నారాయణ. వడమాలపేట బడిలో ఐదో తరగతి వరకు చదివాను, అంతే. తిరుపతి-పుత్తూరు బస్సులో ఇరవై ఆరేళ్ళు కండక్టరుగా చేశాను. ఒక్కనాడు కూడా నా సంచిలో పైసా తగ్గలేదు. ప్రయాణికులు ఇచ్చే చిల్లరలో పాత నాణెం కనబడితే నా జేబులోంచి మారు నాణెం వేసి దాన్ని తీసుకునేవాణ్ణి. అలా వెయ్యీ నూట నలభై చేర్చాను. 1976లో చిత్తూరులో జరిగిన ప్రదర్శనలో మొదటి బహుమతి నా పెట్టెకే వచ్చింది. కాలేజీ లెక్చరర్లు ముగ్గురు మా ఇంటికొచ్చి, టిప్పు సుల్తాను కాసుల మీది ఏనుగులు కొన్ని కుడికి, కొన్ని ఎడమకు ఎందుకు తిరిగి ఉంటాయని నన్నడిగి రాసుకుని పోయారు. దొంగ రూపాయిని రాతిమీద వేసి చప్పుడుతో పట్టగలను. పదకొండుసార్లు పట్టాను. కాబట్టి ఈ సంగతిలో నా మాటకు విలువుంది.

సిద్ధమ్మది వడమాలపేటే. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. పొద్దున ఐదూ నలభై బస్సుకు చంకన ఒక మూటతో ఎక్కేది. మూటలో పిడకల బూడిద, చింతపండు, కుంకుడుకాయలు, కొబ్బరిపీచు ఉండేవి. తిరుపతిలో ఇరవై రెండిళ్ళలో పూజసామాన్లు తోమడం ఆమె పని. అంట్లు తోమేది కాదు. ఇత్తడి కుందులు, వెండి గిన్నెలు, హారతి పళ్ళేలు, పండగలప్పుడు పెద్ద గంగాళాలు. ఇత్తడికి ఒక రకం బూడిద, వెండికి వస్త్రగాళితం పట్టిన మెత్తటి బూడిద. ఏ వేలితో ఎంత అదమాలో ఆమెకు తెలుసు. ఒక ఇంట్లో కొత్తగా వచ్చిన పనిమనిషి వెండి కుంది మీద గీతలు పెడితే, ఆ కుందిని చూసి ఇది ఎడమచేతివాటం మనిషి పని అని చెప్పింది. నిజమే అయింది.

అయితే ముప్పై ఏళ్ళ చింతపండు పులుపు ఆమె చేతులను తినేసింది. వేళ్ళ సందుల్లో పగుళ్ళు, అరచేతిలో పగుళ్ళు. చలికాలం వస్తే టిక్కెట్టు డబ్బులు ఇవ్వడానికి వేళ్ళు ముడుచుకునేవి కావు. ఆమె కోరిక ఒక్కటే. కోయంబత్తూరు గ్రైండరు ఒకటి కొనాలి. మా ఊరి బస్టాపు దగ్గర మూడు టిఫిను అంగళ్ళున్నాయి. వాళ్ళకు ఇడ్లీపిండి రుబ్బిపోస్తే ఇల్లు కదలకుండా బతకొచ్చు, చేతులను చింతపండులో పెట్టే పనుండదు. పుత్తూరులో గ్రైండరు ధర అడిగి వచ్చింది. రెండు వేల ఏడు వందలు.

1984 జూన్‌లో ఒక రోజు తిరుపతి బస్టాండులో నా దగ్గరికి వచ్చి బల్ల మీద కూర్చుని కొంగు ముడి విప్పింది.

"నారాయణప్పా, ఇయ్యి సెల్లుతాయా, ఊరికే అలంకారానికా?"

పాతచీర ముక్కలో చుట్టిన పద్నాలుగు వెండి రూపాయలు. వాళ్ళమ్మ చంద్రకాంతమ్మ పెళ్ళప్పుడు ఇచ్చిందట, మొగుడి కంట పడనీయొద్దని చెప్పి. సిద్ధమ్మ వాటిని ఆవాల కుండ అడుగున పెట్టింది. మా పక్క ఆడవాళ్ళు డబ్బు దాచేది అలాంటి చోటే కదా, పోపు గింజల్లో మగవాడు చెయ్యి పెట్టడు. ముప్పై రెండేళ్ళు ఆ మూట విప్పలేదు. విప్పితే ఎవరైనా చూస్తారని భయం.

నేను చూసిన నాణేలన్నిటిలో అలాంటివి చూడలేదని చెప్పడానికి నాకు సిగ్గులేదు. ఆవాల ఘాటుకో, గుడ్డకు పట్టిన పసుపుకో, ఆ వెండి మీద రంగు తేరింది. అంచున గడ్డిపసుపు, దాని లోపల రాగి ఎరుపు, నాణెం మీది రాణి బొమ్మ చెంపల దగ్గర నెమలిమెడ నీలం. ఒక రంగు ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలయిందో తెలియదు. నాలుగైదు మాత్రం బాగా నల్లబడ్డాయి.

మద్రాసులో నాణేలు కూడబెట్టేవాళ్ళు దీన్ని టోనింగ్ అంటారు. నేను వన్నె అంటాను. తెలియనివాళ్ళకు అది మురికి. తెలిసినవాళ్ళకు అది ఈ నాణేన్ని పుట్టినప్పటి నుంచి ఎవరూ రుద్దలేదని చెప్పే సాక్ష్యం. వెండి గాలికీ గుడ్డకూ ఏళ్ళ తరబడి తగిలి తన మీద తానే సన్నటి పొర కప్పుకుంటుంది. ఆ పొర కింద టంకసాలలో పడిన మెరుపు అలాగే ఉంటుంది. రుద్దితే పొరతో పాటు ఆ మెరుపూ పోతుంది, కంటికి కనబడని గీతలు వేల కొద్దీ పడతాయి. మళ్ళీ తెల్లగా ఉంటుంది గానీ అది చచ్చిన తెలుపు. రంగులు మెల్లగా తేరిన రూపాయికి మామూలు రూపాయి కంటే నాలుగైదు రెట్లు పెడతారు. మరీ నల్లబడితే అంత రాదు. ఈ పద్నాలుగూ కలిపి రెండు వేల ఎనిమిది వందలకు తగ్గవని అక్కడే లెక్క కట్టాను.

"గ్రైండరు వస్తాదా?" అని అడిగింది.

"వస్తాది అక్కా. పైన బియ్యానికి కూడా మిగుల్తాది. సోమవారం నేను లీవు పెడతా, ఇద్దరం బాలసుబ్రమణ్యం అంగడికి పోదాం. అందాకా ఎవురికీ అమ్మొద్దు."

"సోమారం దాకా నాకు నిద్ర పట్టినట్టే ఇంక."

తర్వాత ఆమెకు ఒక్కొక్క రూపాయినీ చూపించి ఇది ఏ రాజుది, ఏ సంవత్సరానిది, ఏ టంకసాలదని అరగంట చెప్పాను. నాకు తెలిసినదంతా చెప్పాను. తోమొద్దు అన్న ఒక్క మాట చెప్పలేదు. నాణేలు పట్టుకునేవాడికి అది చెప్పాల్సిన సంగతే కాదు, అందుకని తోచలేదు. ఎదురుగా కూర్చున్నది ఎవరో, ఆమె పనేమిటో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే తోచేది. ఈ కథలో తప్పు వెతికేవాళ్ళు ముందు నా పేరు రాసుకోండి.

రెండో పేరు బాలసుబ్రమణ్యానిది. రైల్వేస్టేషను ఎదురు సందులో అతని అంగడి. పాత నాణేలు, స్టాంపులు, ఇత్తడి బొమ్మలు అమ్ముతాడు. సిద్ధమ్మ తోమే ఇళ్ళలో ఒకటి ఆ సందులోనే ఉంది. గురువారం ఆ ఇంటి పని ముగించుకుని, అమ్మకపోయినా ధర వినిపోదామని ఒక్కతే లోపలికి పోయింది. అక్కడ జరిగింది తర్వాత ఆమే నాకు చెప్పింది.

అతను గాజుబిళ్ళ కంటికి పెట్టుకుని మూడుసార్లు చూశాడట. చూసి మూటను ఆమె వైపు నెట్టాడట.

"ఏం పెద్దమ్మా, బొగ్గుల కుంపట్లో దొరికినాయా ఇవి?"

"మా యమ్మవి అయ్యా."

"వెండి తులం నలభై పోతా ఉండాది. నీ మురికికి ఆరు తీసేసినా. రూపాయికి తులం, ముప్పై నాలుగు లెక్కన ఏసుకో."

"మురికా?"

"మరి ఇదేంది? వెండిని ఇట్లానా పెట్టుకునేది ఇంట్లో? నీళ్ళు పుట్టవా మీ ఊళ్ళో?"

ఆ మాట ఎవరితో అన్నాడో చూడండి. ఇరవై రెండిళ్ళ దేవుళ్ళ ముందు ఆమె తోమిన వెండి వెలుగుతుంటే, ఊరంతా ఆమె చేతిపనిని మెచ్చుకుంటుంటే, నీ వెండి మురికి అన్నాడు. తెలియక అనలేదు. మురికిని చూడటానికి గాజుబిళ్ళ మూడుసార్లు అక్కరలేదు. వన్నె చూశాడు, విలువ తెలిసింది, సగానికి సగం కాదు, ఆరో వంతుకు కొట్టేయాలని మురికి అన్నాడు. ఆమె మూట కట్టుకుని వచ్చేసింది. శుక్రవారం పనికి పోలేదు.

సోమవారం నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆమెతో పోయాను. బస్సులో ఆమె మూట ఒళ్ళో పెట్టుకుని నవ్వుతూనే ఉంది. ఎందుకక్కా అంటే, అంగట్లో చూద్దువులే అంది. గ్రైండరు సంతోషమనుకున్నాను.

అంగట్లో ముగ్గురు బేరగాళ్ళు ఉన్నారు. సిద్ధమ్మ గాజు బల్ల మీద మూట విప్పి పద్నాలుగు రూపాయలను వరసగా పేర్చింది. ఒక్క రంగు లేదు. కొత్త స్టీలు గరిటెల్లాగా ఉన్నాయి.

"ఇప్పుడు సూడయ్యా," అంది. "యాడుంది మురికి?"

బాలసుబ్రమణ్యం ఒకటి తీసి వెలుతురుకు పెట్టి తిప్పాడు. ఇంకోటి తీశాడు. మొహం ఎర్రబడింది.

"ఏం చేసినావు నువ్వు? ఎవురు తోమమన్నారు నిన్ను? అయ్యో, అంతా నాశనం చేసినావు కదే."

"మురికని నువ్వే అంటివే. మురికికి ఆరు తీస్తానంటివే. మురికి పోయింది, నలభై ఇయ్యి."

"నలభైనా? ఈ ఒక్కటే మూడు వందలు పలికేది. తెలివుండాలి మనిషికి."

అలా నోరు జారాడు. బేరగాళ్ళు కూడా తలెత్తారు.

"మూడు వందలా?" అంది సిద్ధమ్మ నా వైపు తిరిగి. "అప్పా, బేస్తారం ముప్పై నాలుగన్నాడే."

నేను బల్ల మీద చెయ్యి వేశాను. "బాలసుబ్రమణ్యం, మూడు వందలని నీకు గురువారం తెలుసు. తెలిసే మురికన్నావు. ఆమె తోమలేదయ్యా వీటిని, నువ్వు తోమించినావు. తెలివి ఎవురికి లేదో ఈ ముగ్గుర్ని చెప్పమను."

బేరగాళ్ళలో ఒకడు గొడుగు తీసుకుని జారుకున్నాడు. బయట ఈ కథను ముందు మోసుకుపోయింది వాడేనని నా అనుమానం. గురువారం మాట వదిలేసి సోమవారం మాట ఒక్కటే మోసుకుపోయాడు.

బాలసుబ్రమణ్యం గొంతు తగ్గించాడు. "సరే, అయిందేదో అయింది. నలభయ్యే ఇస్తా, ఇక్కడ పెట్టి పో."

"ఎందుకప్పా ఇప్పుడు ఇస్తానంటాడు?" అని నన్నడిగింది.

నాకు తెలుసు, అందుకని అందరూ వినేట్టే చెప్పాను. వీటికి గంధకం పొగ పెట్టి దొంగ వన్నె ఎక్కిస్తాడు. మూతపెట్టిన డబ్బాలో ఒక పూటలో నీలం, ఊదా, ఎరుపు అన్నీ ఎక్కుతాయి. కానీ ఆ రంగు గీతల్లోకి దిగి మరకలుగా నిలుస్తుంది, ఒక రంగులోంచి ఇంకో రంగులోకి ఒదుగుతూ పోదు. తెలిసిన కన్ను పట్టేస్తుంది. తెలియనివాడు మూడు వందలు పెట్టి కొని మోసపోతాడు.

సిద్ధమ్మ పాతచీర ముక్కను దగ్గరికి లాక్కుంది.

"నేను కడిగినదానికి దొంగ మురికి పూసి అమ్ముకుంటావా?" అని పద్నాలుగూ ఏరి మూట కట్టింది. "నీకియ్యను. కరిగించుకుంటా గానీ నీకియ్యను."

అన్నట్టే చేసింది. మా ఊరి కంసాలి మునెయ్య తూకం వేసి, అరుగుదల తీసి, ఐదు వందల నలభై ఎనిమిది రూపాయలు ఇచ్చాడు. కరిగించే ముందు నాలుగు నాకిమ్మన్నాను, ఒక్కొక్కటి నూరు ఇస్తానన్నాను.

"నీకు కావాల్సింది నల్లటివి," అంది. "ఇయ్యి తెల్లటివి. జాలికి కొనొద్దు నారాయణప్పా. జాలి డబ్బుతో కొన్న గ్రైండరు తిరగదు." కుంపటి దగ్గరే కూర్చుని పద్నాలుగూ ముద్దయ్యేదాకా చూసింది.

మరుసటి రోజు ఐదూ నలభై బస్సుకు మూటతో ఎక్కింది.

శ్రావణమాసంలో బాలసుబ్రమణ్యం భార్య వరలక్ష్మమ్మ ఆమెను పిలిపించింది, ఇంట్లో వెండి సామానంతా తోమాలని, ఎంతడిగినా ఇస్తానని. సిద్ధమ్మ గడప దాటలేదు. "మీ ఆయన్ని అడిగిరా తల్లీ. వెండిని తోమితే తెలివిలేనిదాన్ని అన్నాడు. మీ ఇంట్లో మళ్ళీ ఆ పేరెందుకు నాకు," అని వెనక్కి తిరిగింది. ఇది మాత్రం తిరుపతిలో ఎవడూ కథగా చెప్పడు.

గ్రైండరు 1986 ఫిబ్రవరిలో వచ్చింది. రూపాయలు కరిగిన డబ్బుకు ఇరవై నెలలు ఇంటింటా తోమిన డబ్బు చేర్చి కొన్నది. పుత్తూరు నుంచి నా బస్సు మీదే వేసి తెచ్చాం. దించుకోవడానికి టిఫిను అంగళ్ళవాళ్ళు వచ్చారు. మొదటి వాయి బియ్యం పోసి స్విచ్చి వేయమంటే ఆమె వేయలేదు. వేళ్ళు వంగడం లేదు, పగుళ్ళ మీద గుడ్డలు చుట్టుకుని ఉంది.

"నువ్వెయ్యప్పా," అంది.

వేశాను. రాయి తిరిగింది. ఆమె పక్కన పీట మీద కూర్చుని చూస్తూ ఉంది. ఆ ఇరవై నెలలూ ఆ చేతులు చింతపండులో ఉండాల్సిన పని లేదు. అంగట్లో కూర్చుని గురువారం నాడు ఒక మనిషి నిజం చెప్పి ఉంటే చాలు, అంతకు ముందు బస్టాండులో నేను ఆ ఒక్క మాట మరిచిపోకుండా ఉంటే చాలు. కాఫీ తాగుతూ నవ్వేవాళ్ళు వడమాలపేటకు రండి, బస్టాపు పక్క ఇల్లే. ఆమె చేతులు చూడండి. చూసినాక నవ్వు వస్తే నవ్వండి.