గుక్కకో అబద్ధం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అబద్ధాలాడే పని నా ఒక్కడిదే. నేను ఆడేవాణ్ణి, అమ్మ దిద్దేది, నాన్న వినీ విననట్టు ఊరుకునేవాడు. అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్ళో మేముండే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో పిల్లలందరికీ నేను ఈ దేశానికి ఆవకాయ జాడీలో కూర్చుని వచ్చానని చెప్పాను. దారిపొడుగునా కారం కళ్ళల్లో పడటం వల్ల సముద్రం సరిగ్గా చూడలేకపోయానని కూడా చెప్పాను. సగంమంది నమ్మారు. మిగతా సగంమంది మా అమ్మని అడిగి చెడిపోయారు.

మా అమ్మ ఇక్కడికి రాకముందు బళ్ళో తెలుగు చెప్పిన మనిషి. తప్పు కంటబడితే దిద్దకుండా ఉండలేదు. ఇండియన్ స్టోర్‌లో పప్పుల డబ్బా మీద అక్షరం తప్పు రాసి ఉంటే, పప్పు కొన్నా కొనకపోయినా, కౌంటర్ దగ్గరికి వెళ్ళి ఆ మాట చెప్పి వచ్చేది. నాన్న ఇంకో రకం. కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం ఆయన ఉద్యోగం. జరిగింది జరిగినట్టు చెప్పడం తప్ప వేరే విద్య రాదు. కొత్త చీర కట్టుకుని ఎలా ఉందండీ అని అమ్మ అడిగితే, ఒకసారి తేరిపార చూసి, నీలంగా ఉంది అనేవాడు.

ఆ చలికాలం అమ్మకి గొంతు నొప్పి, జ్వరం వదలకుండా వచ్చాయి. ఏటా వచ్చేవే, ఈసారి మరీ ఎక్కువ. మందులు వాడినన్నాళ్ళు తగ్గడం, ఆపగానే తిరగబెట్టడం. చివరికి డాక్టరు టాన్సిల్స్ తీసేయాల్సిందే అన్నాడు. అమ్మకి భయం కన్నా ముందు సిగ్గేసింది. అది చిన్నపిల్లలకి చేసే ఆపరేషన్ కదా, నలభైకి దగ్గరపడ్డ నాకేమిటి అంది. డాక్టరు నవ్వకుండా చెప్పిన మాట నాన్న ఇంటికొచ్చి పొల్లుపోకుండా మాకు అప్పజెప్పాడు. పిల్లలైతే త్వరగా లేచి తిరుగుతారట, పెద్దవాళ్ళకి కష్టమట. నొప్పి ఎంతున్నా చల్లటివి తాగుతూనే ఉండాలట. గొంతు ఎండిందంటే నొప్పి పెరుగుతుంది, రక్తం పడే ప్రమాదమూ ఉంటుందట.

చల్లటివి అన్న మాట దగ్గరే అమ్మ వినడం మానేసింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ చల్లనీళ్ళు గొంతుకి శత్రువని నమ్మిన మనిషి ఆవిడ. నేను ఫ్రిజ్‌లో నీళ్ళు తాగితే ఇల్లెగిరిపోయేట్టు అరిచేది. ఇప్పుడు అదే ఫ్రిజ్‌లో తనకోసం నాన్న పుల్ల ఐసులు నింపుతుంటే, ఇవన్నీ వాడికే చేరతాయని నా వైపు చూసింది. తనేమో పప్పు, పులుసు, కూరలు వండి డబ్బాల్లో పెట్టింది. ఆపరేషన్‌కి ముందురోజు రాబోయే రెండు వారాల మాటలూ ముందే మాట్లాడేసింది. ఉప్పు ఎక్కడుందో, నా మేజోళ్ళు ఎక్కడున్నాయో, స్కూల్ బస్ తప్పిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో, అన్నీ చెప్పి, మళ్ళీ మొదటినుంచి చెప్పింది.

ఆపరేషన్ అయ్యాక అదే రోజు ఇంటికి పంపేశారు. మొదట్లో మందు మత్తులో పడుకుంది, ఇంతేనా అనుకున్నాం. ఆ తర్వాత మొదలైంది. మింగితే నొప్పి గొంతులో ఆగకుండా చెవుల్లోకి పాకేదట. రెండు చేతులతో చెవులు మూసుకుని, ఉమ్మి కూడా మింగలేక కాగితంలో ఊసేది. మాట లేదు. రాసి పైన కాగితం ఎత్తితే చెరిగిపోయే నా బొమ్మ పలక తెచ్చి ఇచ్చాను. దాని మీద మొదట్లో పెద్ద వాక్యాలే రాసింది, ఒత్తులూ పొల్లులూ సరిగ్గా పెట్టి మరీ. తర్వాత చిన్న వాక్యాలు. తర్వాత ఒక్కటే మాట, వద్దు.

ఎదురింటి ఆంటీ మిరియాల చారు పట్టుకొచ్చింది. పుల్ల ఐసు గురించి విని నోరు నొక్కుకుంది. "గొంతు కోసిన మనిషికి ఎవరైనా ఐస్ పెడతారా అండీ? వేడివేడిగా నాలుగు చెంచాలు ఇది పొయ్యండి, అదే సర్దుకుంటుంది" అంది. నాన్న వద్దంటున్నా అమ్మ చెయ్యి చాచింది. చల్లటిది కాదు కదా అని ధైర్యం కాబోలు. ఒక్క చెంచా. ఆ తర్వాత అమ్మ మొహం ఎలా అయిపోయిందో నేను ఇవాళ్టికీ ఎవరికీ చెప్పలేదు, పెంచి చెప్పడం నాకెంత చేతనైనా. ఆంటీ గిన్నె పట్టుకుని ఏడుస్తూ వెళ్ళిపోయింది. అమ్మ ఇక ఆ తర్వాత వేడిదీ చల్లటిదీ ఏదీ ముట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాటికి పెదాలు పగిలిపోయాయి. కళ్ళు లోపలికి పోయాయి. బాత్రూంకి లేవబోయి తూలి మంచమ్మీద కూలబడింది. నాన్న వంటింట్లో ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు, ఇంగ్లీషులో మాట్లాడాడు, పెట్టేశాడు. మంచం దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు. "డాక్టర్ ఆఫీస్‌కి కాల్ చేశాను. ఈవెనింగ్ లోపల ఏదో ఒకటి తాగకపోతే ఎమర్జెన్సీకి తీసుకురమ్మన్నారు. సెలైన్ ఎక్కించాలట." అమ్మ తల అడ్డంగా ఊపింది. వెళ్ళనని. తాగననీ. రెండూ కలిపి ఒక్కసారే ఊపింది.

నేను నాన్న వెనకే వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ చచ్చిపోతుందా అని అడిగాను.

నాన్న నా వైపు తిరిగాడు. "తాగితే ఏం కాదు" అన్నాడు. "తాగకపోతే కష్టం."

అలాంటప్పుడు ఏ తండ్రైనా అనే మాట ఒకటుంటుంది. ఛ, ఏం కాదురా నాన్నా, అని. అది కూడా మా నాన్న నోట రాలేదు. నాకోసం ఒక్క అబద్ధం ఆడలేవా అని నేను ఏడ్చాను. అడిగానో, మనసులోనే అనుకున్నానో ఇప్పుడు గుర్తులేదు. ఆయన మాత్రం విన్నట్టే ఉన్నాడు.

ముందు నేనే ప్రయత్నించాను. నాకు అన్నం తినిపించేటప్పుడు అమ్మ కథ చెప్పేది. ఊ కొట్టి ముద్ద మింగితేనే కథ ముందుకి కదిలేది. అదే పద్ధతి తిరగేద్దామనుకున్నాను. ఊ కొట్టక్కర్లేదు, దాని బదులు గుక్క తాగితే చాలని చెప్పి, నా దగ్గరున్న వాటిలో బ్రహ్మాండమైనది తీశాను. మంచు ఎత్తే బండి మా అపార్ట్‌మెంట్ మేనేజర్‌ని మంచుతో సహా ఎత్తుకుపోయి పక్క ఊళ్ళో దింపిన కథ. చేతులు తిప్పాను, బండి చప్పుడు చేశాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని నిమిరింది. తాగలేదు. కనీసం దిద్దనైనా దిద్దలేదు. నాకు అసలు భయం అప్పుడు పట్టుకుంది.

అప్పుడు నాన్న వచ్చాడు. గ్లాసులో ఆపిల్ జూస్, అందులో సగం కరిగిన ఐసు. మంచం అంచున కూర్చుని, అమ్మతో కాకుండా నాతో మొదలుపెట్టాడు, ఆఫీసు సంగతి చెప్పే గొంతుతోనే.

"మా పెళ్ళిచూపుల్లో మీ అమ్మని పాట పాడమన్నారురా. గొంతు పెగల్లేదు. చివరికి వాళ్ళ పిన్ని తలుపు చాటునుంచి పాడింది, ఈవిడ ఊరికే పెదాలు కదిపింది."

అమ్మ గోడ వైపునుంచి ఇటు తిరిగింది. నాన్న వైపు చూసిన చూపులో నొప్పి లేదు, ఇంకేదో ఉంది. పలక కోసం చెయ్యి చాచింది. నాన్న పలక వెనక్కి తీసి గ్లాసు ముందుకి పెట్టాడు.

"గుక్క వేసి దిద్దు."

అమ్మ గ్లాసు లాక్కుంది. తాగింది. ఒళ్ళంతా వంకర్లు పోయింది, కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారాయి, నేను దుప్పటి మొహాన కప్పుకున్నాను. దుప్పటి తీసేసరికి పలక మీద అమ్మ రాసిన వణికే అక్షరాలు: నేను రెండు పాటలు పాడాను. కాఫీ ఒలకబోసుకుంది మీరు.

నాన్న చదివి, ఆశ్చర్యంగా ఉందే, నాకలా గుర్తులేదే అన్నాడు. ఆ మొహం చూస్తే ఎవరైనా నమ్ముతారు. జన్మలో అబద్ధమాడని మొహంతో ఆడే అబద్ధానికి ఎంత బలముంటుందో నేను అప్పుడే చూశాను. ఆ వెంటనే ఇంకోటి వదిలాడు. అమ్మ డ్రైవింగ్ టెస్ట్ మూడుసార్లు ఫెయిలైందట, ఒకసారి ఆగి ఉన్న కారుని గుద్దిందట. గుక్క. కాదు, నేను మొదటిసారే పాసయ్యాను, గుద్దింది మీరు. ఈ దేశం వచ్చిన కొత్తల్లో అమ్మ పంచదార అనుకుని పాయసంలో ఉప్పు పోసిందట. గుక్క. మీరు.

ప్రతి గుక్కకీ అమ్మ చెవులు పట్టుకుంటూనే ఉంది. నొప్పి ఏం తగ్గలేదు, తగ్గిందని చెప్పడానికి ఇది నా కథల్లాంటిది కాదు. కానీ దిద్దాలన్న పంతం నొప్పిని తోసుకుని ముందుకొచ్చేది. నాకు కాస్త ఆలస్యంగా వెలిగింది. నాన్న చెబుతున్న తప్పులన్నీ ఆయన చేసినవే. అమ్మ దిద్దిన ప్రతిసారీ ఓడిపోయేది ఆయనే. ఓడిపోవడానికే వెతికి వెతికి తెస్తున్నాడు.

గ్లాసు అడుగుకి వచ్చేసరికి నాన్న ఇంకో మాట అన్నాడు.

"ఉద్యోగం మానేసి ఇక్కడికి వచ్చేద్దామని పట్టుబట్టింది మీ అమ్మే. నేను వద్దన్నాను."

ఈసారి అమ్మ పలక అడగలేదు. ముందు గ్లాసు తీసుకుని, ఉన్నదంతా తాగేసింది, మధ్యలో ఆగకుండా. తర్వాత చాలాసేపు రాసింది. రానని ఏడ్చింది నేను. ఒక్క ఏడాదే, మళ్ళీ నీ బడికి నువ్వు వెళ్ళిపోవచ్చని ఒప్పించింది మీరు.

నాన్న అది చదివాడు. నాకలా గుర్తులేదే అంటాడని ఎదురుచూశాను. అనలేదు. "అవును. నేనే" అన్నాడు. పలక కాగితం ఎత్తి చెరపలేదు, అలాగే మంచం పక్కన పెట్టి, గ్లాసు మళ్ళీ నింపుకు రావడానికి లేచాడు. అమ్మ ఆయన వీపు వైపు చూస్తూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఎమర్జెన్సీకి వెళ్ళలేదు. ఆ తర్వాత కూడా చాలా రోజులు ఇంట్లో అందరం భయంభయంగానే ఉన్నాం. అమ్మ దగ్గితే చాలు, నాన్న పరిగెత్తుకెళ్ళి లైటు వేసి నోట్లో రక్తమేమైనా ఉందేమో చూసేవాడు. నాన్న అబద్ధాల నిల్వ అయిపోతే నన్ను అప్పడిగాడు. మంచివి కావాలా అంటే, కాదు, దిద్దడానికి వీలున్నవి కావాలన్నాడు.

అంతవరకూ నేను అబద్ధమంటే ఎదుటివాళ్ళు నోరెళ్ళబెట్టాలనుకునేవాణ్ణి. నాన్నది వేరే పని. ఎదుటివాళ్ళు నోరు తెరవడం కోసం ఆడాడు. ఇప్పుడు నేనుండే ఊళ్ళో, ఇర్వింగ్‌లో, ఏ ఇంట్లో నలుగురం కలిసినా కోతలు కొయ్యమని నన్నే అడుగుతారు. ఎంత పెద్దది కోసినా అందులో ఒక సందు వదులుతాను, ఓ మూల ముడుచుకుని కూర్చున్నవాళ్ళెవరైనా, అలా కాదు అంటూ లోపలికి రావడానికి.

నాన్న పోయి ఏడాది దాటింది. అమ్మ మా ఇంట్లోనే, కింది గదిలో ఉంటుంది. గొంతుకి ఏ జబ్బూ లేదు, అయినా మాట తగ్గిపోయింది. అన్నం తిన్నావా అంటే ఊ, నిద్ర పట్టిందా అంటే ఊ. ఇదంతా రాసి ఆవిడ కళ్ళజోడు కింద పెడుతున్నాను. నాన్న గురించి ఇందులో రెండు మూడు తప్పులు కావాలనే రాశాను. ఏవో మీకు చెప్పను. మేడ మీద కూర్చుని, కిందనుంచి ఒరేయ్ అన్న కేక వినబడుతుందేమోనని చూస్తున్నాను.