గొడ్డలి లేని సానరాయి

ఇది మహాకావ్యమంత కథ అని మొదలుపెడదామనుకున్న. కాదు. చర్ల దగ్గర మా మామ సానరాయి కడగడమే ఇందులో యుద్ధం.

అడవి కొట్టి సాగు చేసుకునే పోడు కాడ ఫారెస్టోళ్లు ఆయన గొడ్డలి జప్తు చేసిన్రు. అప్పటి నుంచి పొద్దున లేస్తే, ఏండ్ల ఆముదం జిడ్డుతో నల్లబడ్డ రాయిని కుంకుడు రసంల నానబెట్టి, ఇసుకేసి తోమేటోడు. జిడ్డంతా పోయినా ఆపలే.

"ఏందయ్యా, పిల్లలకు లేని తలంటు రాయికా?" అనేది అత్త.

"గొడ్డలి ఇచ్చిననాడు పదును పట్టకపోతే ఎట్లనే?"

"ఇస్తరా?"

మామ ఇంకో గుప్పెడు ఇసుక పోసేటోడు.

"మామా, ఇగ దీనికి సంబంధం చూద్దాం" అన్న నేను. ఎప్పుడూ నవ్వేటోడు, నవ్వలే. వానలు పడ్డయి. కొట్టే గొడ్డలి లేక పోడంతా పొదలు కమ్మినయి.

సాగు పోయి మామ ఇప్పుడు మణుగూరులో వాచ్‌మన్. రాయిని గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టినం.