ఆ ఫోన్ చేసింది ఖాదర్ కాదు

ఎవరైనా నన్ను మెచ్చుకుంటే చాలా ఏళ్లుగా నాకు ఒళ్లు మండుతోంది. శాలువా కప్పుతుంటే కుంచించుకుపోతాను. చూసేవాళ్లు వినయం అనుకుంటారు. కాదు. ఒకప్పుడు నేను చేసిన పని లోపల అట్లాగే ఉండిపోయింది. దాన్ని మోసుకుంటూనే మతాల మధ్య స్నేహం గురించి నెల్లూరంతా తిరిగి మాట్లాడుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో, మీతో చెప్పగలుగుతున్నాను.

మా వీధి పెన్నకు దగ్గర. హిందువులం, ముస్లింలం, క్రైస్తవులం గోడకు గోడ ఆనుకుని ఉంటాం. నేను అప్పట్లో టీచర్ని. ఒకసారి వరద వచ్చినప్పుడు వీధంతా కలిసి వండి, నీళ్లలో చిక్కుకున్నవాళ్లకు పంచాం. షామియానాలు, కుర్చీలు, మైకులు అద్దెకిచ్చే ఖాదర్ తన షాపులోని గుండిగలన్నీ తెచ్చి పొయ్యిల మీద పెట్టాడు. అతని పక్కన కూర్చుని కూరగాయలు తరిగింది రాణి. ఆమె భర్త మా వీధిలోనే ఒక అద్దె మేడ మీద ప్రార్థన మందిరం నడిపే పాస్టరు. ఆ పొయ్యిల దగ్గరే మా ఐక్య సంఘం పుట్టింది. నన్ను కార్యదర్శిని చేశారు. ఆ తర్వాత వినాయక చవితి పందిరైనా, ఇఫ్తారైనా, క్రిస్మస్ అయినా ఖాదర్ షామియానాయే. ఏ పండగకైనా తలా ఒక చెయ్యి వేయనివాళ్లు లేరు.

కొన్నాళ్లకు పాస్టరు గారు సొంతంగా మైకు సెట్టు కొన్నారు. ఖాదర్ నొచ్చుకున్నాడు. "నన్నడిగితే నేనే ఇచ్చేవాణ్ణి గదా" అని టీకొట్టు దగ్గర నలుగురి ముందూ కాస్త గట్టిగానే అన్నాడు. అంతకుమించి ఏమీ లేదు.

ఆ కొత్త మైకు మా ఇంటి కిటికీకి ఎదురుగా ఉండేది. పక్షవాతం వచ్చిన మా అమ్మ అప్పుడు నా దగ్గరే ఉంది. ఆదివారం పొద్దున పాటలు మొదలైతే అమ్మ కళ్లలో నీళ్లు తిరిగేవి. ఆ మోతకు తట్టుకోలేక ఏడుస్తోందని నేను తీర్మానించుకున్నాను. నిజం చెప్పాలంటే తట్టుకోలేకపోయింది నేను. వారమంతా స్కూలు, ఇంట్లో మంచంలో అమ్మ. ఉన్న ఒక్క సెలవు రోజూ ఆ హోరులో పోయేది.

మేడ ఎక్కి, "పాస్టరు గారూ, కాస్త సౌండు తగ్గించండి" అంటే సరిపోయేది. ఆయన వెంటనే తగ్గించేవారు. ఎందుకు అడగలేదు? ఐక్య సంఘం కార్యదర్శే ప్రార్థనకు అడ్డుపడిందని అంటారేమోనని. నా మంచి పేరుకు మచ్చ పడుతుందని. ఎదురుగా నిలబడి ఒక్క మాట అడగలేని దాన్ని, వేదికల మీద మాత్రం "మనసు విప్పి మాట్లాడుకోండి" అని అందరికీ చెప్పేదాన్ని.

పోలీసులకు ఫోన్ చేశాను. పేరు చెప్పలేదు.

వాళ్లు వచ్చి మైకు తగ్గించమని చెప్పి వెళతారనుకున్నాను. వాళ్లు ప్రార్థన మధ్యలో, పిల్లాపాపలందరూ చూస్తుండగా మేడ ఎక్కారు. వైర్లు పీకి మైకు సెట్టు జీపులో వేసుకున్నారు. మందిరానికి అనుమతి ఉందా అని ఇంటి ఓనర్ని నిలదీశారు. ఆయన భయపడి, మేడ ఖాళీ చేయమన్నాడు. నేను కిటికీ రెక్క వెనక నిలబడి చూశాను.

రెండు మూడు రోజులకు రాణి మా ఇంటికొచ్చింది. లోపలికి రాలేదు. గడప దగ్గరే నిలబడింది.

"అక్కా, నువ్వు అందరితో మాట్లాడతావు. ఖాదరన్నే ఫోన్ చేసినాడని అంటా ఉండారు. నిజమేనా?"

"నాకెట్టా తెలస్తుంది రాణీ?" అన్నాను.

అక్కడితో ఆగి ఉంటే! ఆగలేదు. ఆమె కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. ఇంకో క్షణం అట్లా చూస్తే కనిపెట్టేస్తుందనిపించింది.

"మైకు విషయంలో ఆయనకి కోపమైతే ఉండింది గదా" అన్నాను.

"నువ్వు కూడా అట్టే అనుకుంటున్నావా అక్కా?"

నేను చూపు దించుకున్నాను. రాణి తల ఊపి వెళ్లిపోయింది.

ఫోన్ చేయడం పిరికితనం, ఒప్పుకుంటాను. రాణితో అన్న ఆ మాటను మాత్రం ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు. అందులో అబద్ధం లేదు. అబద్ధం లేకుండానే ఒక మనిషిని దోషిని చేశాను.

మందిరం కోవూరు వైపు ఒక రేకుల షెడ్డుకు మారింది. ఆ తర్వాతి ఆదివారం అమ్మ కిటికీ వైపు చూపించి, పాటేదీ అన్నట్టు చెయ్యి తిప్పింది. మళ్లీ కళ్లలో నీళ్లు. అప్పుడు అర్థమైంది నాకు.

క్రిస్మస్‌కు ఖాదర్ షామియానా ఎవరూ అడగలేదు. అది చూసి చవితి పందిరివాళ్లు కూడా వేరే షాపుకు వెళ్లారు. మళ్లీ వరద వచ్చింది. కోవూరు వైపు రేకుల షెడ్డులోకి నీళ్లొచ్చి, రాణి వాళ్లందరూ రోడ్డు గట్టు మీద పిల్లల్ని పెట్టుకుని కూర్చున్నారని తెలిసింది. ఖాదర్ అన్నం వండించి, బండిలో వేసుకుని వెళ్లాడు. వాళ్లు దించుకోలేదు. ఆ గుండిగలు నిండుగానే వెనక్కి వచ్చాయి. ఖాదర్ నేరుగా మా ఇంటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. "నేనేం చేసినానక్కా?" అన్నాడు. మంచినీళ్లు ఇచ్చాను. మంచినీళ్లు మాత్రమే ఇచ్చాను.

ఆ తర్వాత అతను షాపు ఎత్తేసి కావలి వెళ్లిపోయాడు.

మా సంఘం మాత్రం పెద్దదైంది. ఒక్కో మీటింగులో కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది. ప్రతి వక్తా అన్ని మతాలవాళ్లూ కలిసే మా నెల్లూరు రొట్టెల పండగతో మొదలుపెడతాడు. ప్రతి వక్తా బయటి శక్తులు వచ్చి మనల్ని విడదీస్తున్నాయంటాడు. చప్పట్లు కొడతారు. నేనూ కొడతాను. మా వీధికి ఏ బయటి శక్తీ రాలేదు. వీధిని విడదీసిన మనిషి వేదిక మీద, మధ్య కుర్చీలో కూర్చుని ఉంది. అట్లా ఎన్ని మీటింగులు పెట్టినా, ఖాదర్నీ రాణినీ ఒక గదిలో కూర్చోబెట్టడం మా వల్ల కాలేదు. కారణం తెలిసిన దాన్ని నేనొక్కదాన్నే. నేనే నోరు తెరవలేదు.

పోయిన వేసవిలో చెప్పేద్దామని కావలి వెళ్లాను. ఖాదర్ నన్ను చూసి ఎంత సంబరపడ్డాడో! టీ తెప్పించాడు. రాణి బాగుందా, పాస్టరు గారి ఆరోగ్యం ఎట్టుంది అని అడిగాడు. తర్వాత తనే అన్నాడు. "నాదే తప్పక్కా. టీకొట్టు కాడ ఆ మాట అనకుండా ఉండాల్సింది. నా నోరే నా కొంప ముంచింది."

ఇన్నేళ్లూ తన తప్పేమిటో వెతుక్కుని, దొరక్క, ఆ మాటనే తన తప్పనుకున్నాడు. కాదు ఖాదర్ అనడానికి నోరు తెరిచాను. అతని భార్య బిస్కెట్లు తెచ్చింది. తీసుకున్నాను. బస్సెక్కి వచ్చేశాను.

బిస్కెట్లు రాకపోతే చెప్పేదాన్నా? లేదు. వాటిని అడ్డం పెట్టుకున్నాను, అంతే.

మొన్న ఒక కాలేజీవాళ్లు ఐకమత్యం గురించి మాట్లాడమని పిలిచారు. రానన్నాను. కారణం అడిగితే ఒంట్లో బాగోలేదన్నాను. మళ్లీ ఇంకో అబద్ధం. ఫోన్ పెట్టేసి ఇది రాయడానికి కూర్చున్నాను. రాస్తుంటే చాన్నాళ్లకు ఊపిరి నిండా అందుతోంది. దానికీ చిరాగ్గానే ఉంది. ఈ పాటి ఊపిరి నాకు అందినందువల్ల కావలిలో అతనికి ఒరిగిందేముంది?

ఖాదర్ నన్ను క్షమిస్తాడా అని మీరు అడగవచ్చు. క్షమించాల్సింది ఏదైనా ఉందని అతనికింకా తెలియదు.