పచ్చని పైరు మీద నాగలి

పెద్దకడుబూరు దగ్గర మా బావి పక్కనున్న పొలం చెక్క ఉత్త చౌడు. ఎండాకాలం వస్తే సున్నం చల్లినట్టు తెల్లగా పొంగేది. దాన్ని ఇటుకల బట్టీవాళ్లకు ఇచ్చేస్తానని తాత తేల్చి చెప్పాడు. ఈ ఒక్క పంటకారుకు ఆగమని, ఆకుకూరలు పండించి చూపిస్తానని అమ్మ అడిగింది. తాత నవ్వి సరేనన్నాడు. ఆ నవ్వు నాకిప్పటికీ నచ్చదు. మట్టి తవ్వుకుపోయాక మిగిలేది గుంతేనని అమ్మకు తెలుసు.

అమ్మ పుట్టిల్లు తుంగభద్ర పక్క మాధవరం. అక్కడ వరి మళ్లలో జనుము చల్లి, ఏపుగా పెరిగాక దున్ని ఎరువుగా మట్టిలో కలిపేస్తారు. అమ్మ ఆ పనే మా చౌట్లో మొదలుపెట్టి, బావి నీళ్లు తోడి జనుము పెంచింది. ఆ ఏడు వానల్లేవు. ఊరంతా ఎండిపోయి మా చెక్క ఒక్కటే పచ్చగా ఉంటే, అందరి కళ్లూ దాని మీదే.

మొగ్గ కనబడిన రోజు నాన్న ఎద్దులు కట్టాడు. అవ్వ వచ్చి నాగలికి అడ్డంగా కాళ్లు చాపుకుని కూర్చుంది. పచ్చని పైరును మేతకు కోసుకోవచ్చు గానీ, దున్నిపారేయడం ఆమె దృష్టిలో మహాపాపం.

"ఎనుము డొక్కలెండి సస్తాంటే, మేతను మన్నులో పూడుస్తారా? తోలండి, నా మీద తోలండి ఎద్దుల్ని."

నాకు అవ్వ మీద ఒళ్లు మండింది. కానీ కొట్టంలో డొక్కలెండిన ఆ బర్రెను నేనూ చూశాను. నాన్న తల్లి వంక, పెళ్లాం వంక చూసి, ఎద్దుల మెడలు నిమురుతూ నిలబడ్డాడు. ఆ విద్యలో ఆయన్ని మించినవాళ్లు లేరు.

అమ్మ వెళ్లి అవ్వ పక్కన కూర్చుంది.

"పూత పట్టిందంటే కట్టె అయిపోతాదత్తా, మన్నులో కుళ్లదు. ఈ మన్నే పోతే, రేపు ఎనుముకు మేత యాడ పెంచుతావు?"

అవ్వ కాళ్లు ముడుచుకోలేదు. అమ్మ కొడవలి తీసి, గట్టు వెంబడి జనుము కోసి, ఆమె ముందు మోపు కట్టి పెట్టింది. మిగతాది నేలకని చెప్పింది. అవ్వ మోపు నెత్తికెత్తుకుని ఏడుస్తూ ఇంటికి పోయింది. నాన్న నాగలి పట్టాడు.

జనుము కుళ్లిన కంపుకు దారిన పోయేవాళ్లు ముక్కు మూసుకున్నారు. అది మగ్గాక అమ్మ పెంట ఎరువు తోలించి, మెంతులు, పాలకూర చల్లింది. తిండి కూడా సరిగా తినకుండా మళ్ల చుట్టే తిరిగింది. మెంతి మొలిచి మాడిపోయింది. ఇక అంతేననుకున్నాం. పాలకూర మాత్రం నిలబడింది.

అది జానెడు ఎదగకముందే తాత బట్టీ మేస్త్రిని తీసుకొచ్చాడు. వెనక కూలీలు, భుజాన పారలు. ఈ కాస్త ఆకు ఎవరి నోటికి చాలుతుందన్నాడు తాత. మామకు ఎదురు చెప్పడం అమ్మకు చేతకాదు. నాన్న ఎద్దుల దగ్గరికి పోయాడు.

గట్టున గడ్డి పీకుతున్న అవ్వ లేచొచ్చింది. పాలకూర మడికి అడ్డంగా, ఆ రోజులాగే కాళ్లు చాపుకుని కూర్చుంది.

"పచ్చని పైరు మీద పార పడనియ్యను. కోడలు సెప్తే ఒకతూరి లేసినాను. నువ్వు సెప్తే లెయ్యను."

తాతకు ఈసారి నవ్వు రాలేదు. కూలీలు భుజాన పారలు దించకుండానే మేస్త్రి వెంట వెళ్లిపోయారు.