ఫోటో వెనక పెన్సిలు రాత

నా చిన్నప్పుడు హిందూపురంలో మా ఇంట్లో ఇద్దరికి రెండు పనులుండేవి. ఉన్నది ఉన్నట్టు ఫోటో తీయడం మా చిన్నాయన పని. లేనిది ఉన్నట్టు చెప్పడం నా పని. ఇద్దరిలో పేరు మాత్రం నాకే ఎక్కువ వచ్చింది. నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలని మావాళ్లు ఇప్పటికీ కొత్తవాళ్లను హెచ్చరిస్తుంటారు. మంచి సలహానే. ఈ ఒక్కదానికి మాత్రం అక్కరలేదు.

ఇంట్లో మేము ముగ్గురమే. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నాయన బెంగళూరులో మిల్లు పని చేస్తూ ఏ పండగకో వచ్చి, నా తల నిమిరి, మళ్లీ బండెక్కేవాడు. అవ్వకు చెవులు సరిగా వినపడవు. చిన్నాయన పెళ్లి చేసుకోలేదు. మాట కూడా ఆయనకు పెళ్లిలాంటిదే, వీలైనంతకాలం వాయిదా వేసేవాడు. వినని మనిషికీ మాట్లాడని మనిషికీ మధ్య పెరిగిన పిల్ల ఏం చేస్తుంది? కథలు అల్లుతుంది. మా అవ్వ పెనుకొండ కొండమీద ఎలుగుబంటికి సంగటి ముద్ద పెట్టి, నంచుకోవడానికి ఊరగాయ లేదని బాధపడిందని బడిలో చెప్పాను. ఒక వారం నమ్మారు. ఆ ఊరగాయ కోసమే ఎలుగుబంటి టికెట్టు కొనుక్కుని హిందూపురం రైలెక్కిందని తర్వాతి వారం చెప్పాను. అక్కడ చెడింది.

అవి అరవైల మొదటి రోజులు. చిన్నాయన ఒక పత్రికకు ఫోటోలు పంపేవాడు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఈ మూడు ఊళ్లలో మంత్రి వచ్చినా, సభ జరిగినా, ఎన్నికల ఊరేగింపు తిరిగినా మెడలో కెమెరా వేసుకుని బయలుదేరేవాడు. పైనుంచి తొంగి చూసే పెట్టె కెమెరా అది. రీలుకు పన్నెండు ఫోటోలు. ఇంటికొచ్చి, గింజలు పోసుకునే గది కిటికీకి గోనెపట్టాలు కొట్టి, ఎర్రబల్బు కింద వాటిని కడిగి, ఆరబెట్టి, కవరులో పెట్టి సాయంత్రం బెంగళూరు బండి గార్డు చేతికిచ్చేవాడు. అక్కడ స్టేషనులో పత్రిక మనిషి అందుకునేవాడు.

కవరులో పెట్టే ముందు ఆయన తప్పకుండా చేసే పని ఒకటుంది. ఫోటోను బోర్లా వేసి, మెత్తటి పెన్సిలుతో వెనక రాసేవాడు. ఏ ఊరు, ఏ రోజు, ఎడమ నుంచి కుడికి ఎవరెవరు. పెద్దవాళ్ల పేర్లే కాదు, మంత్రికి గొడుగు పట్టినవాడి పేరు, మైకు సర్దినవాడి పేరు కూడా అడిగి కనుక్కుని రాసేవాడు. తెలియకపోతే ‘పేరు తెలియలేదు’ అని రాసేవాడు. గొడుగువాళ్ల పేర్లు పత్రికలో ఒక్కసారీ రాలేదు. అయినా రాయడం మానలేదు. నేను కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నది పలకమీద కాదు, ఆ ఫోటోల వెనక.

ఒక సోమవారం పెనుకొండలో ఏవో కొత్త గదులు తెరవడానికి మంత్రి వస్తున్నాడంటే, బడికి నాకు నేనే సెలవిచ్చుకుని చిన్నాయన వెంట వెళ్లాను. పొద్దున పదికి రావలసిన మంత్రి మధ్యాహ్నం రెండున్నరకు వచ్చి, ఇరవై నిమిషాలుండి వెళ్లిపోయాడు. నేను మైకు సెట్టు పక్కన కూర్చుని, జనం కాళ్ల సందుల్లోంచి ఆయన చెప్పులు చూశాను. మంచి చెప్పులు. అంతకుమించి ఏమీ చూడలేదు. కారు కదలగానే మైదానంలో ఉన్నవాళ్లంతా దాని వెంట పరుగెత్తారు. రంగుకాగితాల తోరణాలు, తిరగబడ్డ కుర్చీలు, మేమిద్దరం మిగిలాం.

చిన్నాయన వేదిక మెట్టుమీద కూర్చుని కెమెరా అద్దం తుడుచుకుంటున్నాడు. పొద్దున్నుంచి ఆయన్ను పక్కకు జరగమన్నవాళ్లు, ముందుకు రమ్మన్నవాళ్లు, నన్నూ ఒకటి తియ్యప్పా అన్నవాళ్లు ఎంతమందో. తిన్నావా అని అడిగినవాడు ఒక్కడూ లేడు. నేను బొరుగుల పొట్లం విప్పితే గుప్పెడు తీసుకున్నాడు. “నీ పక్కన ఎవరన్నా కూచున్యారా పాపా?” అని అడిగాడు. లేదన్నాను. “నా పక్కనా ఎవురూ ల్యా,” అని, బొరుగులు నోట్లో వేసుకున్నాడు.

మంగళవారం బడిలో, మంత్రికి నేను దండ వేశాను.

మొదటి గంటలో ఒట్టి దండే. మధ్యాహ్నానికి మంత్రి ఆ దండ తీసి నా మెడలోనే వేశాడు. సాయంత్రం గంట కొట్టేసరికి మా అవ్వ చేతి సంగటి తినడానికి వస్తానని మాటిచ్చి, ఎలుగుబంటి బాగుందా అని కూడా అడిగాడు. మా ఊళ్లో సభలన్నీ తన చేతిమీద జరిపించే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఆయన కూతురు మా తరగతే. చివరిదాకా విని, నింపాదిగా అడిగింది.

“ఫోటో యాడుండాది?”

“ఇంట్లో ఉండాది.”

“తే మరి. ఫోటోలు తీసేది మీ చిన్నాయనే గదా. నువ్వు దండేస్తాంటే ఆయన ఆకాశం తీస్తా ఉన్యాడా?”

శనివారం లోపల ఫోటో తేకపోతే ఇక నా బెంచీలో ఎవరూ కూర్చోకూడదని ఆ అమ్మాయి తీర్మానం చేసింది. తండ్రి సభల్లో తీర్మానాలు చూసిన పిల్ల. అందరి చేతులూ లేపించింది. బుధవారం నుంచే అది అమలైంది. ఐదుగురు పట్టే బెంచీలో ఒక్కదాన్నే కూర్చుంటే ఎంత చోటు ఉంటుందో అప్పుడు తెలిసింది. అన్నం గంటలో గిన్నె పట్టుకుని నేను ఏ వైపు వెళితే ఆ వైపు పిల్లలు లేచిపోయేవారు. ఇంట్లో మాట్లాడేవాళ్లు లేరు కాబట్టి నాకున్నదంతా ఆ బడే. అది కూడా పోతుందని భయం పట్టుకుంది.

గురువారం చిన్నాయన దగ్గర ఏడ్చాను. ఆ ఏడుపులో కల్పన లేదు. నన్ను ఫోటోలో మంత్రి పక్కన పెట్టమని అడిగాను. పెద్ద ఆశతో అడగలేదు. ఎందుకంటే అంతకుముందు ఆ పెద్దాయనే మా అరుగుమీద కూర్చుని, “మంత్రి ఆ మూల, నేను ఈ మూల పడినాం గదప్పా, ఫోటోలో కొంచెం దగ్గరికి జరుపు,” అని అడిగితే, “కెమెరాకు చేతుల్లేవన్నా జరిపేకి,” అని చిన్నాయన తేల్చేయడం తలుపు చాటున విన్నాను. ఇప్పుడు ఆయన చేతిలోని రీలు పక్కన పెట్టాడు. “ఎవురూ కూచోరా నీ పక్కన?” అని మాత్రం అడిగాడు.

కూచోరన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం నన్ను పెరట్లో పీటమీద నిలబెట్టి, చేతికి కనకాంబరాల దండ ఇచ్చి, రెండు చేతులూ ఎత్తమన్నాడు. ఒక్కసారి నొక్కాడు. తర్వాత గింజల గదిలో రీలు కడిగి ఆరిందాకా ఆగి, మంత్రి ముందుకు వంగి నమస్కారం పెడుతున్న నెగటివ్ ఒకటి వెతికి తీశాడు. ఆయన పక్కన ఖాళీ ఉంది. నల్లకాగితం కత్తిరించి, ఆ ఖాళీ మీద వెలుతురు పడకుండా మూసి మంత్రిని అచ్చు వేశాడు. మళ్లీ మంత్రిని మూసి, అదే కాగితం మీద నన్ను వేశాడు. మందునీళ్ల పళ్లెంలో ముందు ఆయన జోడించిన చేతులు తేలాయి. వాటి పక్కన మెల్లగా నా రెండు జడలు, దండ, నవ్వు. నేను వెళ్లని చోట నేను ఉన్నాను. అంత గొప్ప అబద్ధం నా జీవితంలో మళ్లీ చూడలేదు, చెప్పనూలేదు.

సాయంత్రం ఆరిన ఫోటో కవరులో పెట్టి ఇస్తూ, “అటూ ఇటూ బాగా చూసుకో పాపా,” అన్నాడు. దీపం దగ్గర కూర్చుని చూసుకున్నాను. నా ముఖమే చూసుకున్నాను. అవ్వ కూడా కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, మంత్రి చిక్కిపోయినాడని జాలిపడింది.

శనివారం ఆ బెంచీలో పదకొండుమంది కూర్చున్నారు. ఒకరి ఒళ్లో ఒకరు. నాకు చింతపిక్కలిచ్చారు, గుగ్గిళ్లిచ్చారు. మంత్రి చెయ్యి మెత్తగా ఉందా అని అడిగారు. చెప్పాను. ఏ సెంటు వాసనని అడిగారు. అదీ చెప్పాను. అంతమంది ఆనుకుని కూర్చున్నా, వాళ్లంతా ఇంకెవరి పక్కనో కూర్చున్నట్టు నాకు అనిపించసాగింది. ఫోటోలో పిల్లను చూస్తున్నారు, ఆ పిల్లతో మాట్లాడుతున్నారు. నేను ఆమె తరఫున జవాబులు చెబుతున్నాను.

అప్పుడు పెద్దాయన కూతురు ఫోటో వెనక్కి తిప్పింది. తిప్పి, గట్టిగా చదివింది.

‘ఎడమ: మా అన్న కూతురు. హిందూపురం, మా ఇంటి పెరడు, శుక్రవారం. కుడి: మంత్రి. పెనుకొండ, సోమవారం. ఇద్దరూ కలుసుకోలేదు. రెండు నెగటివులు కలిపి నేను చేసినది.’

కింద చిన్నాయన పేరు.

నవ్వులు వీధి చివరిదాకా నా వెంట వచ్చాయి. ఇంటికెళ్లి ఫోటో ఆయన ముందు విసిరికొట్టాను.

“ఎందుకు రాసినావు?”

“అటూ ఇటూ చూసుకోమంటి గదా.”

“రాయకుండా ఉంటే నీదేం పోయింటుంది?”

ఆయన ఫోటో తీసుకుని దుమ్ము తుడిచాడు. “ముందుపక్క నువ్వు అడిగినట్ల చేసినా పాపా. వెనకపక్క నాది,” అన్నాడు. దాన్ని బోర్లించి చూపిస్తూ, “చదువుకుంటావు, బడికి తీసకపోవు అనుకుంటి,” అన్నాడు. ఫోటోల వెనకే చదువు నేర్చుకున్న పిల్ల ఆ ఒక్కదాని వెనక చూడదని ఆయన అనుకోలేదు.

ఆదివారం పొద్దున్నే పెద్దాయన మా అరుగుమీదికి వచ్చాడు. నేను మళ్లీ తలుపు చాటుకే చేరాను.

“ఏమబ్బా, కెమెరాకు చేతుల్లేవంటివి. మొలిచినాయంట గదా.”

“పిల్లది ఏడిస్తే చేసినా అన్నా.”

“నేనూ ఏడ్చల్లనా ఏమి? ఎలక్షన్లు వస్తాండాయి. మంత్రి పక్కన నన్ను నిలబెట్టి ఆ పేపరుకు పంపు.”

“చేస్తా అన్నా. వెనకాల మాత్రం రాసి పంపుతా.”

“రాస్తే ఇంగ వాళ్లు ఏస్తారా?”

“ఎయ్యరు.”

పెద్దాయన నవ్వాడు. చిన్నాయన నవ్వలేదు. “రాసుకో అబ్బా, బాగా రాసుకో,” అంటూ పెద్దాయన లేచి, పైకండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి సభ హిందూపురంలోనే. వెదురు కంచె దగ్గర చిన్నాయనను ఆపేశారు. పేరు తెలిసినవాళ్లే, ఆయన ఎన్నోసార్లు ఫోటోల వెనక రాసిన పేర్లే. లోపలికి వదలొద్దన్నారప్పా అని నేల చూస్తూ చెప్పారు. ఆయన వాదించలేదు. జనాన్నంతా దాటుకుని చివరికి నడిచి, సైకిళ్లు పెట్టే చోట నిలబడ్డాడు. నేనూ వెళ్లి నిలబడ్డాను. పెనుకొండలోనూ అంతే, ధర్మవరంలోనూ అంతే. పెద్దాయన చెయ్యి అంత పొడుగు. అక్కడినుంచి తీసిన ఫోటోల్లో మంత్రి గోరంత. మిగిలినదంతా వీపులు, తలపాగాలు, తండ్రి భుజంమీద నిద్రపోయిన పిల్లలు. ధర్మవరంలో ఒక మగ్గం మనిషి మాత్రం మంత్రిని చూడక వెనక్కి తిరిగి మా వైపు చూశాడు. చిన్నాయన సభ అయిపోయేదాకా ఆగి, ఆయన పేరు కనుక్కుని రాసుకున్నాడు. నాయకుల ముఖాలు కనబడడం లేదని పత్రికనుంచి రెండు కార్డులు వచ్చాయి. మూడోది ఇక పంపవద్దని.

నావల్లే గదా అని ఒకసారి అడిగాను. “వెనక నుంచి బాగుంటుంది పాపా. ఎండ కంట్లో పడదు,” అన్నాడు. ఆ మాట వెనక ఆయన ఏమీ రాయలేదు. అయినా చదువుకున్నాను.

బడిలో నా బెంచీ చాన్నాళ్లు ఖాళీగానే ఉంది. ఒక వానరోజు ముందు బెంచీ పిల్ల ఒకతె వచ్చి నా పక్కన కూర్చుని, “ఎలుగుబంటి తర్వాత ఏమైందే? అబద్ధమని తెలుసులే, చెప్పు,” అంది. చెప్పాను. ఎలుగుబంటిని ధర్మవరంలో దించి పట్టుచీర కట్టబెట్టాను. ఆ రోజు నుంచి ఏ కథ మొదలుపెట్టినా ముందుగా, ఇది నేను కల్పించింది అని చెప్పడం అలవాటైంది. చిత్రం, అప్పుడే ఎక్కువమంది కూర్చున్నారు.

చిన్నాయన పెళ్లిళ్ల ఫోటోలు తీస్తూ, వాటి వెనక కూడా వంటవాళ్ల పేర్లతో సహా రాస్తూ బతికి, ఒంటరిగానే వెళ్లిపోయాడు. పోయాక గోడకు తగిలించుకుందామని ఆయన ఫోటో కోసం ఇల్లంతా వెతికాను. పెట్టెల నిండా ఫోటోలు. మూడు ఊళ్ల జనమంతా ఉన్నారు. ఒక్కదాంట్లోనూ ఆయన లేడు. తీసేవాణ్ణి తీసేవాళ్లు ఎవరుంటారు?

అందుకే ఆ కనకాంబరాల ఫోటోను రెండువైపులా అద్దం పెట్టించి తగిలించాను. ఇంటికొచ్చినవాళ్లు మంత్రి పక్కన మీరేనా అని అడుగుతారు. కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, దండ సంగతి, సెంటు సంగతి, ఎలుగుబంటి సంగతి తీరుబడిగా చెబుతాను. నోరు తెరుచుకుని వింటారు. అంతా అయ్యాక లేచి, మేకునుంచి తీసి, బోర్లించి వాళ్ల చేతిలో పెడతాను. ముందువైపు మంత్రీ నేనూ ఉన్నాం. మా చిన్నాయన వెనకవైపు ఉన్నాడు.