సున్నాల వరుసలు

మొన్న హిందీ మాట్లాడే మా ఉక్కు కార్ఖానా ఊళ్ళో, సిద్ధగోరా బజారులో మనవరాలికి నోటుపుస్తకం కొంటుంటే, కొట్టతను అరలోంచి కార్బన్ కాగితాల కట్ట తీశాడు. ఆ వాసన తగలగానే రాజేశ్వరమ్మగారి నవ్వు చెవిలో పడినట్టయింది. డెబ్బైల చివర్లో ఆవిడ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. అగ్రికో కాలనీ క్వార్టర్లో ఒక్కరే ఉండేవారు. నేను వాళ్ళింట్లో వంటమనిషిని. అప్పటికి ముప్పై దాటినా నాకు అక్షరం ముక్క రాదు.

"ఆ కాగితాల్లో ఏటున్నాది టీచరమ్మా?" అని ఒకరోజు ఆవిడ బల్ల మీది కట్ట చూపించి అడిగాను.

"గెలాక్సీల్ని తూస్తన్నానే పారమ్మా."

"తక్కెడేదమ్మా?"

ఆవిడ పడీపడీ నవ్వారు. సుడి తిరిగిన గెలాక్సీ వెలుగు ఏ రంగులో ఉందో చూస్తే, అందులో ఏ రకం నక్షత్రాలు ఎన్ని ఉండొచ్చో అంచనా కట్టొచ్చట. ఒక్కో రకం బరువూ వెలుగూ తెలుసు గనక, అంత వెలుగుకి ఎంత బరువో తేలుతుందట. ఆ సాయంత్రమే నా చేతికి పలక ఇచ్చారు. ముందు అంకెలు, తర్వాత అక్షరాలు.

అంకెలు కుదిరాక, నక్షత్రాల రకానికో వరుస ఉన్న ఆ పట్టికలకు కార్బన్ పెట్టి సాపు ప్రతి రాసే పని నాకప్పగించారు. ఎంత గర్వమో నాకు! ఒకసారి నా ప్రతి చూసి కూడికలు వేసిన ఆవిడ, రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

"ఈ గెలాక్సీ ఏటే, దూదిపింజలా తేలిపోయింది? వెలుగు సరిగ్గానే ఉంది, బరువు సగం లేదు. ఈ లెక్క సోమవారం పత్రికకి పంపాలి."

అది నా పనే. కొన్ని వరుసల్లో వెలుగు గడి నిండా సున్నాలే, చివరెక్కడో ఒక అంకె. బియ్యంలో మట్టిగడ్డలు ఏరినట్టు ఆ వరుసలన్నీ ఏరి వదిలేశాను. చెబితే పలక లాగేసుకుంటారేమో. గుణింతాలింకా సగంలోనే ఉన్నాయి. అయినా చెప్పేశాను.

"వెలుగు లేనివి ఎందుకని ఒగ్గేసినానమ్మా."

ఆవిడ కలం పక్కన పెట్టి అడిగారు: "భుయ్యాడీహ్ బస్తీలో మీ ఇంట్లో బల్బులెన్ని?"

"ఒకటే."

"మనుషులు?"

"తొమ్మండుగురం."

"ఇక్కడ?"

"ఆరు బల్బులు. మీరొక్కరే." చెబుతుండగానే నాకు నవ్వొచ్చేసింది.

"మరి బల్బులు లెక్కెట్టి బస్తీని తూత్తావేటే? మినుకుమినుకుమనే చిన్న నక్షత్రాలే ఎక్కువ. అన్నీ కలిస్తే మోపెడు బరువు!"

ఆదివారమంతా కూర్చుని ఆ వరుసలన్నీ తిరిగి రాశాను. ఆవిడ మళ్ళీ కూడి, "అదిగో, ఒళ్ళు చేశాడు!" అని నన్ను పట్టుకుని గిర్రున తిప్పేశారు. పొయ్యి మీద పప్పు మాడిపోయింది. దాన్నే ఇద్దరం నవ్వుతూ తిన్నాం. గుణింతాలు మర్నాడు మళ్ళీ మొదలయ్యాయి.

ఇప్పటికీ బస్తీ పెళ్ళిళ్ళలో విస్తళ్ళ లెక్క నాదే. ముందు పందిరి వెనక్కి వెళ్ళి గిన్నెలు తోమేవాళ్ళనీ పొయ్యిల దగ్గరివాళ్ళనీ లెక్కేసుకుని, ఆ తర్వాతే ముందుకొస్తాను. లెక్క అటునుంచి ఎందుకని మనవరాలు హిందీలో విసుక్కుంటుంది.

"బరువంతా అక్కడే ఉంటాదే," అంటాను.